ఆ ఒక్క ప్రశ్న

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని వృత్తి రోగాలపై పుస్తకం రాస్తూ, ‘నువ్వు చేసే పనేమిటి?’ అని రోగిని తప్పక అడగమని తోటి వైద్యులకు చెప్పాడు. మూడు శతాబ్దాలు గడిచాయి. మన ఓపీ చీటీ మీద వయసు, బరువు, బీపీ ఉంటాయి. పని సంగతి అరుదు.

ఆ ప్రశ్ననే బతుకుతెరువు చేసుకున్నవాళ్లు ఫ్యాక్టరీ వైద్యులు. ఎంబీబీఎస్ తర్వాత పారిశ్రామిక ఆరోగ్యంపై మూడు నెలల ఏఎఫ్ఐహెచ్ కోర్సు చేసి ఈ దారిలోకి రావచ్చు. నర్సులకూ, గాలిలో దుమ్మునూ యంత్రాల మోతనూ కొలిచే హైజీనిస్టులకూ ఇక్కడ చోటుంది.

చట్టం ఎప్పుడో వచ్చింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ ప్రకారం, ప్రమాదకర పనిలో పెట్టేముందు కార్మికుణ్ని పరీక్షించాల్సి ఉండేది. ఆపై 12 నెలలు దాటకుండా మళ్లీ మళ్లీ చూడాల్సి ఉండేది. సిలికోసిస్, సీసపు విషం వంటివి బయటపడితే వైద్యుడు నేటికీ తనిఖీ శాఖ ప్రధానాధికారికి రాతపూర్వకంగా తెలపాలి. జీతమిచ్చే యాజమాన్యానికి రుచించని ఆ ఉత్తరం రాసే ధైర్యమే ఈ ఉద్యోగానికి అసలు అర్హత. సర్టిఫికెట్ దాని తర్వాతే.

ఐటీ కార్యాలయాల్లో మాత్రం ‘వెల్‌నెస్’ అంటే తరచూ జూన్ 21న పరిచే యోగా చాపలే. చాపలతో తగువు లేదు. రాత్రి షిఫ్టు ముగించుకుని నిద్రలేని కళ్లతో వచ్చినవాణ్ని వాటి మీద కూర్చోబెట్టేముందు, షిఫ్టుల పట్టిక మార్చమని హెచ్ఆర్‌ను అడిగే మనిషి ఒకరు కంపెనీ జీతాల జాబితాలో ఉండాలి.