సంతకమునకు ముందే వకీలు

“ఫలానావాడు ఐ.పి. పెట్టినాడట” అను మాట మన బజారులలో తిట్టుగా చెల్లుచున్నది. ఇన్‌సాల్వెన్సీ పిటిషను అను మాటలకు అవి పొడి అక్షరములే. అయినను అప్పులవారిని ముంచినవాడను అర్థము వానికి అంటుకొనిపోయినది. తగాదా లేక విడిపోయిన దంపతులను గూర్చియు లోకము అట్లే పెదవి విరుచును. ఈ రెండు అపకీర్తులకు జడిసి మనవారు వకీలు గడప తొక్కరు. తొక్కునప్పటికి పని చేయి దాటి యుండును.

మొదట అప్పుల సంగతి. 2016 నాటి దివాలా స్మృతిలో సామాన్య వ్యక్తులకు సంబంధించిన భాగము ఇంకను అమలులోనికి రాలేదు. కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే అది వర్తించుచున్నది. కావున మన జిల్లాలలో నేటికిని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే ఆధారము. అది ఋణగ్రస్తుని దొంగగా చూడదు. కోర్టు అతనిని దివాలాదారుగా ప్రకటించినచో ఆస్తి కోర్టునకో రిసీవరునకో చేరును. తాకట్టు లేని అప్పులవారు కోర్టు అనుమతి లేక దావా వేయరాదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పనివాని పనిముట్లు అతనికే మిగులును. చెల్లింపలేని పేదరికమును నేరముగా ఎంచి జైలుకు పంపరాదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసున తేల్చినారు.

అయితే ఆ చట్టము దాపరికమును సహింపదు. పిటిషనుకు ముందు రెండేండ్లలోపల పొలమును ఉత్తపుణ్యమునకు బావమరిది పేర వ్రాసినచో, ఆ బదిలీ రద్దు కావచ్చును. ఇట్టి సలహాలిచ్చువారు వీధికొకరు కలరు. వారెవ్వరును వకీళ్లు కారు! మరియొకటి: దివాలా ప్రకటనతోనే విముక్తి రాదు. కోర్టు పెట్టిన గడువులోపల విడుదలకై మరల దరఖాస్తు చేయవలెను. చేయనిచో ఆ ప్రకటనయే రద్దగును.

ఇక విడాకులు. పరస్పర సమ్మతి మార్గము హిందూ వివాహ చట్టమున 1976లో చేరినది. ఏడాది వేరుగా నుండిన దంపతులు కలిసి పిటిషను వేయవలెను. పిదప ఆరు నెలల వ్యవధి కలదు. తగిన సందర్భమున కోర్టు దానిని సడలింపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పినది. ముస్లిం దంపతులు ఉభయ సమ్మతితో విడిపోవుట ముబారాత్. భార్య కోరి పొందునది ఖులా. 1937 నాటి షరియత్ చట్టము రెంటిని పేర్కొన్నది.

మార్గములు మంచివే. కాని తగాదా లేకపోవుట వేరు, తగాదా పడు ధైర్యము ఒకరికి లేకపోవుట వేరు. ఒకే వకీలు ఇరువురి కాగితములు సిద్ధపరచును. “నాకు ఇక రావలసినది ఏమియు లేదు” అను పంక్తి క్రింద పిల్ల సంతకము పెట్టును. మహరు భర్త బాకీపడిన అప్పే గదా! ఖులాలో దానిని వదలుకొనుట వాడుక. వదలుకొనునది ఎంతయో ఆమె ఎరిగి వదలుకొనవలెను. భర్త ఐ.పి. పెట్టినచో మహరుకై ఆమెయు తక్కిన అప్పులవారి సరసన నిలువవలసినదే. మెజిస్ట్రేటు ఉత్తర్వు చేసిన మనోవర్తి మాత్రము దివాలా విడుదలతో చెరిగిపోదు. ఈ భేదము ఆమెకు చెప్పవలసినది ఆమె పక్షపు వకీలే, భర్త పక్షపు వకీలు కాదు.

ఫీజుకు సొమ్ము లేదను మాట ఆమెకు అడ్డు కారాదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. అందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసికొనిన చాలును.

మన విద్యార్థులలో పలువురు ఇంటికి వచ్చిన కోర్టు కాగితములు పెద్దలకు చదివి పెట్టువారు. అందుచే కాలేజి కమిటీవారిని మేము కోరునది ఒకటే: ఏటేట ఆ సంస్థ వకీలును ఒకనాడు పిలిపింపుడు. ఆయన ఉర్దూలోను చెప్పగలవాడైనచో మరియు మేలు. తెలుగు, ఇంగ్లీషు కాగితముల క్రింద సంతకము చేయు మా పెద్దలలో పలువురు చదువగలిగినది ఉర్దూ ఒక్కటియే.