బడికప్పు చెప్పు పాఠము

ఏటేట వేసవి తొలిదినములలోనే తెలుగునాట ఒంటిపూట బడులు మొదలగును. ఎండకు వెరచి చదువు కుంచించుకొనుచున్నది. తప్పు ఎండదేనా, కట్టడమునకు అందు పాలు లేదా?

పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోయు మండుటెండల దేశమే. అచ్చటి గాండో గ్రామమున జన్మించిన ఫ్రాన్సిస్ కెరే, బెర్లినులో వాస్తువిద్య నభ్యసించుచునే స్వగ్రామమునకు బడి సంకల్పించెను. 2001లో అది పూర్తియయ్యెను. స్థానికమగు బంకమట్టికి కొద్దిపాటి సిమెంటు చేర్చి గ్రామస్థులే ఇటుకలు ఒత్తిరి. ఇటుకల లోకప్పునకు పైన ఎడముంచి రేకుల కప్పు నిలిపిరి. రేకు ఎండను భరించును. నడుమ వీచు గాలి వేడిని గొనిపోవును. విద్యుత్తు లేకయే గది చల్లబడును. 2022లో కెరేకు ప్రిట్జ్కర్ బహుమానము లభించెను.

తెలుగు పల్లెలకు మట్టియు గాలియు కొదువ కాదు. ఉష్ణసంవహనమును పుస్తకమున చదువు విద్యార్థి, అది తన బడికప్పు క్రింద పనిచేయుట చూడవలదా?