చేతితో చేసిన యంత్రానికి ఋణము ఇవ్వరాదా?

సెల్‌ఫోను, సెట్ టాప్ బాక్సు, పొలములో మోటారును ఇంటినుండి నడిపించే మొబైల్ స్టార్టరు, సౌర దీపముల కంట్రోలరు - ఇవి నేడు పల్లెలోని సామాన్య గృహస్థునకు కూడా నిత్యావసరములైనవి. వీటిలో ఏది చెడినను మండల కేంద్రమునకో, జిల్లా కేంద్రమునకో మోసుకొని పోవలసివచ్చుచున్నది. దగ్గరలోని రేడియో మెకానిక్కు చేతగానివాడు కాడు. అతని వద్ద ఉన్న సోల్డరింగ్ ఐరన్ చాలకపోవుటయే అసలు ఇబ్బంది. వెనుకటి సర్క్యూట్ బోర్డులలో భాగముల కాళ్ళు రంధ్రములలోనుండి దూరి వచ్చేవి. ఒక్కొక్క కాలినే వేడిచేసి ఊడదీయవచ్చును. నేటి బోర్డుపై నువ్వుగింజంత భాగములు ఉపరితలముననే అంటుకొని ఉన్నవి. నలువైపుల కాళ్ళున్న ఐసీని తీయవలెనన్న అన్ని కాళ్ళ టంకమూ ఒకేసారి కరగవలెను. అందులకు వేడిగాలి కావలెను. ఆ వేడిగాలి యంత్రమునే బజారులో ఎస్.ఎం.డి. మిషను అనియు, బ్లోయరు అనియు పిలుచుచున్నారు.

ఈ యంత్రమును స్వయముగా తయారు చేసికొన్న మెకానిక్కును బ్యాంకులు, విక్రేతలు ఎట్లు చూడవలెనన్నది ఈ వ్యాసమున చర్చించదలచిన విషయము. అతనిని చిన్నచూపు చూడరాదనియు, అయితే అతడు చేసినదంతా కళ్ళు మూసికొని ఒప్పుకొనరాదనియు నా అభిప్రాయము.

ఈ విద్య ఎట్లు నడుచుచున్నదో చూడవలెనన్న కోల్‌కతాలోని చాందినీ చౌక్ బజారుకు వెళ్ళవలెను. మన పాఠకులలో హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీని ఎరిగినవారికి దాని తీరు వేరుగా చెప్పనక్కరలేదు. క్యానింగ్, లక్ష్మీకాంతపూర్, డైమండ్ హార్బర్ వైపు పల్లెల మెకానిక్కులు లోకల్ రైలులో సియాల్దాకు వచ్చి, అక్కడనుండి చాందినీ చేరుదురు. మన తెలుగువారు తరతరములుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ నుండి వచ్చువారు హౌరాలో దిగుదురు. కంపెనీ మిషనుకు వాడే చేతిపిడి - అందులోని హీటరు, ఉష్ణోగ్రతను తెలిపే థర్మోకపుల్, చిన్న ఫ్యానుతో సహా - విడిగా దొరకును. ట్రయాక్, ట్రాన్స్‌ఫార్మరు, ఆర్డ్వినో బోర్డు, థర్మోకపుల్‌ను చదివే మాక్స్ 6675 చిప్పు అన్నియు వేర్వేరు దుకాణములలో లభించును. ఇంకను పొదుపు కోరువారు బాగ్‌బజారు దగ్గర గాలిఫ్ స్ట్రీటులో ఆదివారము జరిగే సంతకు పోయి, అలంకారపు చేపల తొట్టెలకు వాడే గాలిపంపును తెచ్చుకొందురు.

చేపల తొట్టె పంపుతో టంకము కరుగునా అని నవ్వుకొనవలదు. లెక్క చూడుడు. నిమిషమునకు 4 లీటర్ల గాలి నిచ్చే పంపు అనుకొందము. ఆ గాలి బరువు 5 గ్రాములకు లోపు. దానిని 30 డిగ్రీలనుండి 350 డిగ్రీల సెంటీగ్రేడుకు తెచ్చుటకు సుమారు 26 వాట్లు చాలును. 60 వాట్ల పాత ఐరన్ మొన తీసివేసి, బోలు గొట్టములో స్టీలు పీచు కూరి, వెనుకనుండి సిలికాన్ గొట్టము ద్వారా గాలి పంపినచో పని జరుగును. చిన్న రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఎనిమిది కాళ్ళ ఐసీలు దీనితో ఊడివచ్చును. పెద్ద ఐసీలకు మాత్రము ఇది చాలదు. నిమిషమునకు 20 లీటర్లు కావలెనన్న నికరముగా 130 వాట్లు గాలికే పోవును. దారిలో వృథా అయ్యే వేడి అదనము. అప్పుడు అసలైన హీటరు చేతిపిడియే శరణ్యము. టంకము కూడా మారినది. 63 పాళ్ళు తగరము, 37 పాళ్ళు సీసము కలిసిన పాత టంకము 183 డిగ్రీల వద్దనే కరిగేది. సీసము లేని నేటి టంకము 217 డిగ్రీలు దాటనిదే కరగదు.

మన పల్లెలలో మరియొక చిక్కు వోల్టేజి. 230 వోల్టులు ఉండవలసినచోట సాయంకాలము 180 మాత్రమే వచ్చినచో హీటరు శక్తి వోల్టేజి వర్గమును అనుసరించి తగ్గి, 61 శాతమునకు పడిపోవును. మెకానిక్కు అలవాటు చొప్పున నాబు అక్కడే ఉంచి పనిచేయును, టంకము కరగదు, బలవంతముగా లాగగా ఐసీతోపాటు బోర్డుపై రాగి రేకు కూడా లేచివచ్చును. గిరాకీ ఫోను పోయినది, మెకానిక్కు పరువూ పోయినది. థర్మోకపుల్ ఉండి, వేడిని చూచుకొనుచు కరెంటును సవరించే యంత్రమునకు ఈ బాధ చాలావరకు ఉండదు. కావున చేసికొనువారు మిగిలిన వాటిలో పొదుపు చేసినను థర్మోకపుల్‌ను వదలరాదు.

తయారైన మిషను కొన్ని వేల రూపాయలకే వచ్చుచుండగా ఈ శ్రమ ఎందుకని మా సహోద్యోగులు అడుగుదురు. సబబైన ప్రశ్నయే. నా సమాధానము ఇది. ఈ యంత్రములో హీటరు చుట్ట ఎప్పుడో ఒకప్పుడు కాలిపోవును. అది దాని స్వభావము. కొనుక్కొన్నవాడు ఆనాడు దుకాణము మూసి పట్టణమునకు పరుగెత్తును. పోకరాకలు, విక్రేత జాప్యము, అంతలో గిరాకీ పక్క ఊరికి తరలిపోవుట - ఋణవాయిదా తప్పుట ఇక్కడనే మొదలగును. తన చేతితో కట్టుకొన్నవాడు పెట్టెలో దాచిన మరియొక హీటరును ఆ పూటే బిగించుకొనును. వాయిదా వసూలు చేయవలసినవారికి ఇంతకంటె మంచి హామీ ఏమి కావలెను?

అయితే తనిఖీకి వెళ్ళే అధికారి చూడవలసినవి కలవు. లోహపు గొట్టమునకు, పెట్టెకు ఎర్తు తప్పక ఉండవలెను. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన ఐరన్‌ను మార్చి చేసినచో మూడవ తీగ వేసినారా అని అడగవలెను. స్విచ్చి, ఫ్యూజు ఫేజు తీగపై ఉండవలెను. (కొన్ని చవక కంపెనీ మిషన్లలోనే ఇవి న్యూట్రల్‌పై ఉండుట కద్దు. కొన్నదైనంత మాత్రమున క్షేమమనుకొనరాదు.) ట్రయాక్ చెడినప్పుడు తరచుగా షార్టు అయిపోవును, హీటరు ఆగక ఎర్రబడును. అందుచేత వేడి మితిమీరినచో కరెంటును తెంచే థర్మల్ ఫ్యూజు వేరుగా ఉండవలెను. స్విచ్చి కట్టిన తరువాత కూడా గొట్టము చల్లబడువరకు గాలి వీచుచుండవలెను. ఇంటి మీటరు వద్ద 30 మిల్లీయాంపుల ఆర్.సి.సి.బి. ఉన్నచో మరియు మంచిది. ఫోను బోర్డుపై వేడిగాలి పెట్టుటకు ముందు బ్యాటరీ తీసివేయుట ఎట్టి పరిస్థితులలోను మరువరాదు. లిథియం బ్యాటరీ అంటుకొన్నచో పూరిపాకలోని దుకాణము నిలువదు. ఈ ఏర్పాట్లు లేని యంత్రము ఎంత నేర్పుతో చేసినదైనను దానికి పైసా ఇవ్వరాదు.

ఇక కాగితముల సంగతి. బ్యాంకు కొటేషను అడుగును. తయారైన మిషను అమ్మువాడు ఒక్క కాగితముపై ముద్ర వేసి ఇచ్చును. పది దుకాణములలో భాగములు కొన్నవాని వద్ద సిగరెట్టు పెట్టె అట్టపై వ్రాసిన అంకెలు మాత్రమే ఉండును. ఫలితముగా నేర్పున్నవాడు వెనుకకు తిరిగిపోవును. జి.ఎస్.టి. చట్టములో 200 రూపాయలకు లోబడిన అమ్మకమునకు, కొనువాడు రిజిస్టరైన వ్యాపారి కానప్పుడు, విడిగా బిల్లు ఇవ్వనక్కరలేదను వెసులుబాటు ఉన్నమాట నిజమే. కాని కొనువాడు కోరినచో రిజిస్టరైన విక్రేత ఇవ్వవలసినదే. చాలమంది మెకానిక్కులు అడుగుటయే మరచుచున్నారు. కోరి తీసికొనుడు, తీగముక్కకైనను సరే. మెకానిక్కును దొంగలెక్కల వానివలె చూడకుండ విక్రేతలు ఆ బిల్లు వ్రాసి ఇచ్చినచో అదే అతని ఋణపత్రమునకు ఆధారమగును.

2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకము క్రింద పనిముట్లకు 15,000 రూపాయల సహాయము వచ్చునని కొందరు మెకానిక్కులు ఆశతో వచ్చుచున్నారు. ఆ పథకములోని 18 వృత్తులలో కమ్మరి, వడ్రంగి, దర్జీ, క్షురకుడు ఉన్నారే కాని ఎలక్ట్రానిక్ మెకానిక్కు లేడు. ఇది సవరించవలసిన లోపమని నా నమ్మకము. ప్రస్తుతము వారికి దారి 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా యోజనయే. 50,000 రూపాయల వరకు శిశు విభాగములో తాకట్టు లేకుండ ఇత్తురు.

అయితే మిషను కొరకే అప్పు చేయవలదని చెప్పుదును. మిషను మీరు కట్టుకొనుడు. అప్పు సొమ్ము సరకుపై పెట్టుడు: ఛార్జింగు సాకెట్లు, డిస్‌ప్లేలు, బ్యాటరీలు, స్టార్టరు బోర్డుల విడిభాగములు, మంచి ఫ్లక్సు. గిరాకీ వచ్చినప్పుడు భాగము చేతిలో ఉన్నవాడే ఆ రోజు సంపాదించును. ఆస్తి విలువ లేని యంత్రమని ఆక్షేపించే అధికారులకు కూడా ఇదే జవాబు. వాడిన కంపెనీ మిషనును వేలము వేసినను వచ్చేది స్వల్పమే. హైపాథికేషనులో వ్రాసికొనదగినది అలమరలోని సరకు.

విక్రేతలకు ఒక్క మనవి. మిషన్లు అమ్మువారు అదే చేతిపిడికి సరిపోవు హీటర్లను కూడా దుకాణములో ఉంచుడు. అది లాభము తక్కువ సరకే. కాని మీరు అమ్మిన మిషను హీటరు దొరకక మూలబడినచో, దాని వాయిదాలకై ఆ ఇంటి గుమ్మమున నిలువవలసినవారము మేము.