మాటు పెట్టే చేయి ఖాళీగా ఉండదు

కీసర, బోగారం, ఘట్‌కేసర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. పొద్దున్నే ఉప్పల్‌లో బస్సెక్కే విద్యార్థుల్ని ఏం నేర్చుకుంటున్నారని అడగండి. జావా, పైథాన్, డేటా సైన్స్ అంటారు. తప్పేం లేదు. కానీ ఆ పక్కనే నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలున్నాయి. రేకు మడిచి, రాగి అతికి బతికే పని కూడా ఒకటుందని చెబితే, 'బీటెక్ చదివి టార్చ్ పట్టుకోవాలా?' అని నవ్వుతారు. పట్టుకోవాలనే నేనంటాను. అందరూ అక్కర్లేదు. చేతిపని మీద ఇష్టం ఉండి, ఇంట్లో ఏమనుకుంటారోనని వెనకాడేవాళ్లు మాత్రం తప్పకుండా పట్టుకోవాలి.

వీధిలో విన్న విద్యే

ఇది మనకు కొత్త విద్య కాదు. 'మాట్లు వేస్తాం, కళాయి పోస్తాం' అన్న కేక మీ అమ్మమ్మనడిగితే గుర్తుచేస్తుంది. గిన్నెను కాల్చి, నవాసారంతో తుడిచి, తగరం అద్ది, దూదితో పరిచేవారు. చల్లటి దేశాల్లో ఇంటి కప్పుల మీద రాగి రేకులు అతికేవాళ్లు చేసేదీ దాదాపు ఇదే. పొగగొట్టం కప్పును దాటి పైకొచ్చే చోట వాన నీరు దిగకుండా చుట్టూ రాగి రేకు మడిచి కడతారు. దాన్నే ఫ్లాషింగ్ అంటారు. రేకు అంచుకు ముందు తగరం పూత పెట్టి, ఆ తర్వాత సోల్డర్ పారిస్తారు.

మనవి కాంక్రీటు స్లాబులు కాబట్టి ఇళ్ల మీద ఆ పని తక్కువే. గుళ్లలో మాత్రం రేకు పని ఉంది. 2025 ఫిబ్రవరి 23న యాదగిరిగుట్టలో కుంభాభిషేకం జరిగిన స్వర్ణ విమాన గోపురానికి బంగారు తాపడం చేసింది రాగి రేకుల మీదే. ఉప్పల్ నుంచి వరంగల్ దారిలో వెళ్తే వచ్చే పెంబర్తి, ఇత్తడి, రాగి రేకు పనికే పేరు తెచ్చుకుంది. ఆ కళకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అతకడంలో ఉన్న సైన్స్

'అతకడంలో ఏముంది?' అనేవాళ్లకు ఒక లెక్క. పదడుగుల రాగి రేకు 50 డిగ్రీల తేడాకు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. సోల్డర్ మెత్తటి లోహం, ఆ లాగుడును ఒక్కటే తట్టుకోలేదు. అందుకే రేకును ముందు మడత పెట్టి, అవసరమైతే రివెట్ కొట్టి, సాగడానికి చోటు వదిలి అతకాలి. బలం మడతది, నీళ్లను ఆపడం సోల్డర్‌ది.

రెండోది, రాగి వేడిని ఇట్టే లాగేసుకుంటుంది. కొత్తవాళ్లు సోల్డర్‌ను మంటలో కరిగించి రేకు మీద బొట్లుగా వేస్తారు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పట్టదు. రేకు వేడెక్కితే, ఆ వేడికే సోల్డర్ కరిగి సందులోకి పారాలి. థర్మోడైనమిక్స్ పేపర్ రాసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చేయి తిరగడానికే నెలలు పడుతుంది.

మన దగ్గర పని ఎక్కడుంది?

ఏసీల్లో ఉంది. ఔటర్ చుట్టూ లేస్తున్న అపార్ట్‌మెంట్లలో ఏసీ లేని ఫ్లాటు ఎన్ని? ఏసీ రాగి గొట్టాలను అతికేది బ్రేజింగ్‌తో. 450 డిగ్రీల లోపు కరిగే లోహంతో అతికితే సోల్డరింగ్, అంతకు మించితే బ్రేజింగ్. రాగికి రాగిని ఫాస్ఫరస్ కలిసిన కడ్డీతో అతికితే ఫ్లక్స్ అక్కర్లేదు, ఇత్తడికైతే కావాలి. అతికేటప్పుడు గొట్టంలోకి నైట్రోజన్ నెమ్మదిగా పంపకపోతే లోపల నల్లటి పొర కట్టి, తర్వాత రాలి సన్న గొట్టాన్ని మూసేస్తుంది. ఇప్పుడు చాలా ఏసీల్లో వాడే ఆర్32 కొద్దిగా మండే గుణమున్న గ్యాస్. అది లైన్‌లో ఉండగా టార్చ్ వెలిగిస్తే ప్రాణాల మీదికే వస్తుంది. ఈ 'ఎందుకు' తెలిసినవాడు మెకానిక్, తెలియనివాడు హెల్పర్. గల్ఫ్ వెళ్లినా తేడా అక్కడే తేలుతుంది.

ఈ పనిలో కష్టాలు లేవని నేననను. మొదట్లో జీతం తక్కువ. చాలా షాపుల్లో నియామక పత్రం ఉండదు, ఈఎస్‌ఐ, పీఎఫ్ ఊసుండదు. ఎండలో, ఎత్తులో పని. సీసం కలిసిన సోల్డర్‌తో ఆరోగ్యానికి ముప్పు. యువత ఈ పని వైపు రాకపోవడానికి వాళ్ల బద్ధకం కారణం కాదు, ఈ పరిస్థితులే కారణం. ప్రభుత్వం ఐటీఐలను ఏటీసీలుగా మార్చి రోబోటిక్స్ తెస్తోంది, మంచిదే. రోబో పక్కనే టార్చ్ బెంచీ కూడా ఉండాలి. పరిశ్రమలు అప్రెంటిస్‌లకు స్టైపెండ్‌తో పాటు సేఫ్టీ బెల్టు, కళ్లద్దాలు ఇవ్వాలి.

మీరు చేయాల్సింది ఏమిటంటే: పదో తరగతితో ఆగినవాళ్లు ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్-ఏసీ ట్రేడ్ చూడండి. డిగ్రీ, బీటెక్ వాళ్లు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కండి. చేరే ముందు మూడే ప్రశ్నలు అడగండి. నేర్పేదెవరు? సర్టిఫికెట్ ఎవరిస్తారు? దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? సూటిగా జవాబు రాని చోట చేరొద్దు.

చదువు, చేతిపని రెండూ ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువ. కోడ్ రాసేవాళ్ల వరసలో మీ ముందు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఈ వరస ఇంకా పొట్టిగానే ఉంది.