ధైర్యం సరే, నష్టం ఎవరిది?

మార్చి 8 దగ్గరపడితే చాలు, విజయవాడలో సభలకు కొదవ ఉండదు. బ్యాంకులవాళ్ళు, కాలేజీలవాళ్ళు, వర్తక సంఘాలవాళ్ళు 'విజయం సాధించిన మహిళ'ను ఒకరిని వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు. తర్వాత ఉపన్యాసం. ఆడవాళ్ళకు తెలివి ఉంది, ఓపిక ఉంది, కష్టపడే గుణం ఉంది, లేనిదల్లా ధైర్యమే, అదొక్కటీ తెచ్చుకుంటే ప్రతి వంటిల్లూ ఒక పరిశ్రమ అవుతుంది - ఇదీ సారాంశం. ఇది అబద్ధమని చెప్పడానికే ఈ వ్యాసం.

వ్యాపారానికి ధైర్యం చాలని ఆడవాళ్ళను నేను ఈ జిల్లాలో పెద్దగా చూడలేదు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి పిండి రుబ్బుకుని ఐదింటికల్లా బండి తోసుకొచ్చే ఆవిడకీ, కాళేశ్వరరావు మార్కెట్లో సరుకు ఎత్తుకుని ఎండలో వీధి వీధీ తిరిగే ఆవిడకీ, వస్త్రలతలో చీరలు అరువు తెచ్చి వాయిదాల మీద ఇంటింటికీ అమ్మే ఆవిడకీ మనం ధైర్యం నేర్పాలా? మా పేటలో టిఫిన్ బండి నడిపే ఒకావిడను ఈ మాటే అడిగాను. "ధైర్యానికేముందండీ, అప్పు తెచ్చాక అదే వస్తది. రానిదల్లా పోయిన డబ్బే" అంది. ఇంత సూటి ఆర్థికశాస్త్రం నేను ఏ సభలోనూ వినలేదు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ధైర్యం గురించి కాదు. వ్యాపారం దెబ్బతింటే ఆ నష్టాన్ని ఎవరు మోస్తారు? ఎంతవరకు మోస్తారు?

ఆటోనగర్ వైపు వెళ్ళి బోర్డులు చదవండి. 'ప్రైవేట్ లిమిటెడ్' అని కనిపిస్తుంది. ఆ 'లిమిటెడ్' అన్న మాటకు అర్థం బాధ్యతకు హద్దు ఉందని. కంపెనీ మునిగితే వాటాదారు పోగొట్టుకునేది తాను పెట్టిన వాటా సొమ్మే. విడిగా హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప అతని ఇంటి జోలికి, పొలం జోలికి ఎవరూ రారు. ఇది ఎవరి దయా కాదు, చట్టం ఇచ్చిన హక్కు. సర్వస్వం పోతుందనే భయం ఉంటే ఎవరూ పెట్టుబడి పెట్టరని గ్రహించి, నష్టానికి ముందే గీత గీశారు. పెట్టుబడిదారు ధైర్యం వెనుక ఒక చట్టం నిలబడి ఉంది.

ఇప్పుడు చిన్న రుణాల గ్రూపు దగ్గరకు రండి. అక్కడి మాట 'జాయింట్ లయబిలిటీ', అంటే ఉమ్మడి బాధ్యత. ఒకామె వాయిదా కట్టలేకపోతే మిగిలినవాళ్ళు కట్టాలి. ఆమె బాధ్యత తన పెట్టుబడి దగ్గర ఆగదు, పక్కింటావిడ అప్పుకు కూడా పాకుతుంది. రెండుచోట్లా జరిగేది ఒకే పని: అప్పు తేవడం, సరుకు పెట్టడం, అమ్మడం. ఒకరికి హద్దున్న నష్టం, ఇంకొకరికి హద్దులేని నష్టం. ఏమీ లేని మనిషి నెత్తినే హద్దులేనిది పెట్టి, పైగా ఆమెకే ధైర్యం గురించి పాఠం చెబుతున్నాం.

ఈ ఉమ్మడితనం ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోకూడదు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం ఊరూరా ప్రాణం పోసుకున్నది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాతే. సారాకు పోయే రూపాయిని ఆడవాళ్ళు పొదుపు డబ్బాలో వేశారు. ఒకరికొకరు తోడు నిలవడమే వాళ్ళ బలం. తర్వాత వచ్చిన రుణ సంస్థలు ఆ బలాన్ని చూసి ముచ్చటపడ్డాయి. సారా దుకాణాలు మూయించిన ఐకమత్యాన్నే తాకట్టు వస్తువుగా మార్చుకున్నాయి. పొలం లేదు, ఇల్లు లేదు, ఇరుగుపొరుగు ముందు పరువు ఉంది కదా, అదే తాకట్టు.

దాని ఫలితం మన జిల్లాకు కొత్త కాదు. 2006 మార్చిలో, అధిక వడ్డీలు, బలవంతపు వసూళ్ళు, అప్పులవాళ్ళ ఆత్మహత్యల ఆరోపణల మధ్య, కృష్ణా జిల్లా యంత్రాంగం సూక్ష్మరుణ సంస్థల శాఖలు దాదాపు 50 మూయించింది. అదే ఏడాది అక్టోబరులో బంగ్లాదేశ్‌లో పేద స్త్రీలకు చిన్న అప్పులిచ్చిన మహమ్మద్ యూనస్‌కు, గ్రామీణ బ్యాంకుకు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. 2010లో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌కు వెళ్ళి 1,600 కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. అదే ఏడాది అక్టోబరు 15న, వరస ఆత్మహత్యల వార్తల నడుమ, రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఒకే అప్పు మీద పైన ఉన్నవాళ్ళు వాటాలు అమ్ముకున్నారు, కింద ఉన్నవాళ్ళు పుస్తెలు అమ్ముకున్నారు. 'సాహసిక వ్యాపారి' అన్న బిరుదు మాత్రం పైవాళ్ళకే దక్కింది.

కంపెనీలు వెనక్కి తగ్గినంత మాత్రాన అప్పు అవసరం తగ్గలేదు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ ఉదంతం బయటపడింది. అప్పు తీర్చలేని స్త్రీలను లైంగికంగా వాడుకున్నారన్న ఆరోపణలు విని రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. హద్దులేని బాధ్యత చివరికి ఎక్కడ ఆగుతుందో ఈ ఊరు చూసింది. అది ఆడదాని శరీరం దగ్గర కూడా ఆగదు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ 2010 నాటి కట్టడి వర్తించదని తీర్పు ఇచ్చింది. కథ ముగిసిందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

ఇక ప్రకృతి సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచింది. అక్కడ ఇంటి ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు పెట్టుకున్న ఒకావిడ నాకు తెలుసు. మిషన్ల మోటార్లు కాలిపోయాయి. అంతకన్నా పెద్ద దెబ్బ, పండగకని జనం ఇచ్చిన జాకెట్ గుడ్డలు, పట్టుచీరలు బురదలో నానిపోవడం. "నా మిషన్ పోతే నా ఖర్మ. వాళ్ళ చీరకి ఏం చెప్పను మేడం గారూ?" అని ఆమె అడిగింది. అప్పిచ్చినవాళ్ళు వాయిదాలు వెనక్కి జరిపారు. రద్దు చేయలేదు. జరిపిన నెలలకూ వడ్డీ పడింది. వరద గోడలకు, మిషన్లకు, గుడ్డలకు తగిలింది కానీ అప్పు కాగితానికి తడి తగల్లేదు.

"తాకట్టు లేకుండా ముద్ర రుణాలు 2015 నుంచే ఇస్తున్నారు కదా" అనేవాళ్ళున్నారు. ఇస్తున్నారు. కానీ అప్పు తేలిగ్గా దొరకడం వేరు, నష్టాన్ని పంచుకోవడం వేరు. దేశంలో రెండోదానికి చట్టం లేక కాదు. 2016లో దివాలా కోడ్ చేసినప్పుడు, అందులో చిన్న రుణగ్రస్తుల కోసం అప్పు మాఫీ చేసి 'కొత్తగా మొదలుపెట్టే' అవకాశం కూడా రాశారు. ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తి 20,000, అప్పు 35,000 దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఇన్ని షరతులు! కంపెనీల దివాలా భాగం ఆ డిసెంబరులోనే అమల్లోకి వచ్చింది. ఈ నిరుపేదల భాగానికి మాత్రం అమలు తేదీ ఇంకా రాలేదు. వందల కోట్ల అప్పును తెగ్గోసుకోవడానికి దారి ఉంది. 35,000 రూపాయల అప్పుకు లేదు.

ఆస్తి సంగతీ అంతే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా అని మన రాష్ట్రం 1985 నుంచి వర్తించేలా చట్టం చేసింది. దేశం 2005లో గానీ కళ్ళు తెరవలేదు. అయినా డెల్టాలో ఎన్ని ఇళ్ళల్లో పట్టాదారు పాస్‌బుక్ కూతురి పేర ఉంది? దుకాణాల బోర్డుల మీద 'అండ్ సన్స్' కనిపించినన్ని చోట్ల కూతుళ్ళు ఎందుకు కనిపించరు?

భాష గురించి పట్టింపు ఉన్నవాళ్ళం కనుక పథకాల పేర్లు ఒకసారి చూద్దాం. 2019 ఎన్నికల ముందు డ్వాక్రా సభ్యులకు తలా 10,000 రూపాయలిచ్చిన పథకం పేరు 'పసుపు-కుంకుమ'. 2020లో తర్వాతి ప్రభుత్వం పెట్టిన పేర్లు 'ఆసరా', 'చేయూత'. ఒకటి పుట్టింటి సారె, మిగిలినవి పడిపోయేవాళ్ళకిచ్చే ఊతకర్రలు. భర్త పోయిన ఆవిడ టిఫిన్ బండికి పెట్టుబడిని పసుపు కుంకుమ అని పిలవడానికి నోరెలా వచ్చింది? ఫ్యాక్టరీ యజమానికి ఇస్తే 'ప్రోత్సాహకం', ఆమెకు ఇస్తే సారె. పార్టీలు మారినా ఆమె వ్యాపారిగా కనిపించలేదు, ఆడపడుచుగానే కనిపించింది.

స్త్రీవాద విమర్శలోనూ ఒక లోటు ఉంది. ఒక వర్గం ఆమెను 'సాధికారత'కు బొమ్మగా నిలబెడుతుంది. ఇంకో వర్గం ఇదంతా నయా ఉదారవాదపు వల, ఆమె అందులో చిక్కిన చేప అంటుంది. రెండో మాటలో నిజం ఉంది. కానీ నెల మొదటి తారీఖున జీతం పడేవాళ్ళు, రోజు కూలి కన్నా సొంత బండి మేలని ఎంచుకున్న ఆమెను అమాయకురాలనడం నాకు సమ్మతం కాదు. మొగుడి చేతికి చిక్కకుండా గల్లాపెట్టె తాళం తన కొంగున కట్టుకోవడం ఎంత స్వేచ్ఛో ఆమెకు తెలుసు. మన కథల్లో ఆమె కన్నీళ్ళున్నాయి, ఆమె లెక్కలు లేవు. ఏ సరుకు మీద ఎంత మిగిలింది, అరువు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న ఆమె తెలివి సాహిత్యంలోకి రానంతకాలం వేదికల మీద 'ధైర్యం తెచ్చుకోండి' అనే ఉపన్యాసాలు సాగుతూనే ఉంటాయి.

నేను అడిగేది పెద్ద కోరికలేమీ కాదు. గ్రూపు పొదుపుకు, మాట సాయానికి ఉండాలి. ఒకరి అప్పుకు ఇంకొకరిని జామీను చేయకూడదు. వరదో తుపానో వచ్చి సరుకు, పనిముట్లు పోతే, అప్పిచ్చినవాళ్ళు కూడా అసలులో కొంత వదులుకోవాలి. లాభంలో వడ్డీ తీసుకున్నవాళ్ళకు నష్టంలో వంతు లేకపోవడం ఏ ధర్మం? దివాలా కోడ్‌లో మూలపడ్డ భాగానికి అమలు తేదీ ప్రకటించాలి. అది ఆమెకు చేసే దానం కాదు, ఆటోనగర్ బోర్డుల మీద ఎప్పటి నుంచో ఉన్న ఆ ఒక్క మాటలో ఆమెకు రావలసిన వాటా.