మన లంకలకి మట్టి ఎవరు తెస్తారు?

మాల్దీవుల్లో సహజంగా ఏర్పడిన నేల ఎక్కడా సముద్రమట్టానికి రెండున్నర మీటర్లు దాటదని చదివి, మా రూమ్‌మేట్ "ఎలా బతుకుతున్నార్రా బాబూ!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మాది ముమ్మిడివరం. పక్కనే గౌతమి, కాస్త కిందికెళ్తే సముద్రం. 1996 నవంబరు 6 తుఫాను గురించి మా ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు.

తేడా ఒక్కటే. వాళ్ల నేల పగడాలది, మనది గోదారి ఒండ్రుది. డెల్టా నేల తన బరువుకి తనే కుంగుతుంది. వరద ఏటా తెచ్చే కొత్త మట్టే ఆ లోటు పూడుస్తుంది. ఆ మట్టి ఇప్పుడు చాలావరకు పైనున్న జాయక్వాడీ, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల్లోనే ఆగిపోతోంది. అంటే సముద్రం పైకొస్తోంది, మనం కిందికి దిగుతున్నాం.

ఆనకట్టలు వద్దనట్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకపోతే ఈ పచ్చదనం ఎక్కడిది? కానీ వచ్చే కాస్త మట్టినీ లంకల్లో తవ్వి ఇటుక బట్టీలకి తోలడం, ఒండ్రుని పట్టి ఉంచే మడ చెట్లని కొట్టి చెరువులు తవ్వడం మాత్రం మన చేతుల్లో పనే.

మన సివిల్ వాళ్లు డ్యామ్ డిజైన్ చేసేటప్పుడు నీళ్ల లెక్క ఎలాగూ వేస్తారు. మట్టి లెక్క కూడా వెయ్యండి. కింద మా ఊరు ఉంది.