ఫ్లూ జ్వరం – గృహధర్మం

‘పడిశం పది రోగాల పెట్టు’ అన్న సామెత మనకున్నది. అయినా పడిశాన్ని, దానితో వచ్చే జ్వరాన్ని మనం లెక్కచేయము. మందు వేసుకుంటే వారంలో, వేసుకోకుంటే ఏడు రోజులలో తగ్గుతుందని పరిహాసమాడుతాము. ఈ పరిహాసం జలుబు విషయంలో చెల్లుతుంది గాని ఇన్‌ఫ్లుయెంజా విషయంలో చెల్లదు. ఈ రెండింటిని ఒకే గాటన కట్టడమే కుటుంబాలలో ఫ్లూ వ్యాపించడానికి మొదటి కారణమని నా అభిప్రాయం.

జలుబు మెల్లగా వస్తుంది. ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిపాటి గొంతునొప్పి దాని లక్షణాలు. ఫ్లూ హఠాత్తుగా వస్తుంది. ఉదయం ఉత్సాహంగా కళాశాలకు వెళ్ళినవాడు సాయంకాలానికి వణకుతూ మంచం పట్టవచ్చు. అధిక జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు, ఒళ్ళు విరిచినట్లుండే నొప్పులు, లేవలేనంత నీరసం దాని గుర్తులు. వృద్ధులలో ఒక్కొక్కప్పుడు జ్వరం కనబడకపోవచ్చు కూడా. ఇన్‌ఫ్లుయెంజా అనేది ‘ప్రభావం’ అనే అర్థంగల ఇటాలియన్ పదం. నక్షత్రాల ప్రభావం వల్ల ఈ రోగం వస్తుందని పూర్వం అక్కడివారు తలచేవారు. 1933లో శాస్త్రజ్ఞులు మానవులలో దీనిని కలిగించే వైరస్‌ను వేరుచేసి చూపడంతో నక్షత్రాలకు ఆ నింద తప్పింది. అది ఇప్పుడు మన దగ్గు మీదికి, మన చేతుల మీదికి వచ్చింది.

1918లో బొంబాయి రేవు మీదుగా మన దేశంలో ప్రవేశించిన ఇన్‌ఫ్లుయెంజా కోటిమందికి పైగా బలిగొన్నది. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ తొలి కేసు మన దేశంలో హైదరాబాదులోనే బయటపడింది. ఆ వైరస్ వెళ్ళిపోలేదు. ఏటేటా వచ్చే ఫ్లూలలో ఒకటిగా మన మధ్యనే ఉన్నది. మన దేశంలో ఫ్లూ వర్షాకాలంలోను, జనవరి మొదలు మార్చి వరకు అధికంగా కనిపిస్తుంది. అంటే సంక్రాంతి సెలవుల నుండి పరీక్షల దాకా అన్నమాట. వసతిగృహంలో తోటివారి తువ్వాలు వాడుకొని, ఒకే గదిలో పదిమందితో నిద్రించిన విద్యార్థి పండుగకు ఇంటికి వస్తాడు. అతనికి వైరస్ సోకి ఉంటే లక్షణాలు బయటపడడానికి ఒకటి నుండి నాలుగు రోజులు పడుతుంది. జ్వరం తెలియడానికి ఒకరోజు ముందునుండే అతని నుండి ఇతరులకు సోకగలదు. ఆ పిమ్మట మరి అయిదారు రోజులు. పదిహేడేళ్ళవాడు వారంలో కోలుకొంటాడు. అదే వైరస్ మధుమేహమున్న తాతగారికి, ఉబ్బసమున్న నాయనమ్మకు, గర్భవతియైన వదినకు, ఏడాది నిండని పసిబిడ్డకు న్యుమోనియాగా పరిణమించవచ్చు.

జ్వరపడినవానిని వేరుగా పడుకోబెట్టడం ఆప్యాయతకు లోపమని మన ఇండ్లలో భావిస్తారు. ఇది సంప్రదాయమని వాదించేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, రోగిని ప్రత్యేకంగా ఉంచి, ఇరుగుపొరుగువారు రాకపోకలు మానుకొన్న ఆచారం మన పెద్దలదే. ఫ్లూ సోకినవానికి కిటికీలు తెరచిన గది, ముక్కును నోటిని కప్పే మాస్కు, విడిగా కంచం, గ్లాసు, తువ్వాలు చాలు. ఉన్నది ఒకే గది అయితే మంచం కిటికీ ప్రక్కకు జరపాలి. పరిచర్య చేసేవారు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుకోవాలి. 2020లో కరోనా నిర్బంధంగా నేర్పిన ఈ పాఠాలను మాస్కులతోపాటు అటక మీదికి ఎక్కించాము.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే యాంటీబయాటిక్ బాక్టీరియాను చంపుతుందే గాని వైరస్‌ను చంపదు. మిరియాల కషాయం గొంతుకు హాయినిస్తుంది, అంతే. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి వైద్యుడు వ్రాసే వైరస్ నిరోధక ఔషధం తొలి 48 గంటలలో మొదలుపెట్టినప్పుడే బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీనొప్పి, పెదవులు నీలిబారడం, మనిషి తికమకపడడం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం – వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. వైరస్ రూపం మార్చుకొంటూ ఉంటుంది గనుక టీకాను ఏటా వేయించుకోవాలి. ఇంటిలో వృద్ధులున్నవారు ఈ ఖర్చుకు వెనుదీయరాదు.

కళాశాలలకు కూడా ఒక మాట. జ్వరంతో తరగతికి వచ్చినవాని పట్టుదలను మెచ్చుకొనే అధ్యాపకులున్నారు. హాజరు తగ్గుతుందన్న భయం ఒక్క రోగిని పదిమంది రోగులుగా చేస్తుంది. అటువంటి సెలవును హాజరు లెక్కలో మన్నించడం న్యాయం.

ఇంటిలో అందరికీ పరిచర్య చేసేది సాధారణంగా తల్లి. చివరకు ఆమెకూ సోకుతుంది. అప్పుడు మాత్రం ఆమెకు మంచం దొరకదు. దగ్గుతూనే పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఆ వారం రోజులు ఆమెను వంటింటికి రానీయకుండా అన్నం వండి ఆమెకు అందించడం, గిన్నెలు కడగడం భర్తకు, పిల్లలకు చెందిన పనులు. ఆ పిల్లలలో మగపిల్లలు కూడా ఉన్నారు. కుక్కరులో బియ్యం పెట్టడం నేర్చుకోవడానికి అమ్మకు జ్వరం వచ్చేదాకా ఆగనక్కరలేదు.